చివరి వరుసలో నాలుగోది

మార్చి 3, సోమవారం

గేటు స్తంభాలకి ఈ ఉదయం కొత్తగా పసుపు రంగు వేశారు. ఎడమ స్తంభం మీద, నా నడుం ఎత్తున, జానెడు మేర మాత్రం వదిలేశారు. అది నేను లారీ తగిలించిన చోటు.

రంగు వేసే అతన్ని అడిగాను. "సూపర్‌వైజర్ గారు వదిలెయ్యమన్నారమ్మా. గుర్తుండాలట" అన్నాడు. ఎవరికి గుర్తుండాలో చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

సూపర్‌వైజర్‌ని యార్డులో అందరూ గడియారం అంటారు. ఇల్లు అంటుకుందని చెప్పినా సరే, ముందు చేతి వాచీ చూసుకుని తర్వాత వింటాడు. ఈ రోజు నన్ను పిలిచి, వాచీ చూసుకుని, మొదలుపెట్టాడు.

"నాలుగో నెలలో అద్దం. ఎనిమిదో నెలలో స్తంభం. మే ముప్పై ఒకటికి నీ చేతికి బండిచ్చి ఏడాది. ఆ రోజు నీ కాగితం మీద నేను ఏదో ఒకటి రాయాలి కదమ్మాయ్."

"అవునండి."

"ఈలోగా మూడోది జరిగిందనుకో, డ్రైవర్ అని రాయలేను. రూలు. మన గుమాస్తా ఎలాగూ మే నెలతో మానేస్తున్నాడు. కిటికీ పక్క కుర్చీ. పైన ఫ్యాను. నీ చేతిరాత ముత్యాల కోవ. అలాంటి చేతిని తీసుకెళ్ళి స్టీరింగ్ మీద పెట్టడం ఏం న్యాయం, నువ్వే చెప్పు."

ముత్యాల కోవ అన్నందుకు థాంక్యూ చెప్పాను. తర్వాత బండెక్కి, తలుపు వేసుకుని, అద్దాలు పైకెత్తి, పావుగంట ఊరికే కూర్చున్నాను.

నాకు కోపం రాలేదు.

మార్చి 4

వచ్చింది. ఒక రోజు ఆలస్యంగా.

మార్చి 9, ఆదివారం

సెలవు. అమ్మ మిషను మీద స్కూలు యూనిఫాంలు కుడుతోంది. ఇంట్లో ఎటు చూసినా నీలం గుడ్డ. పక్క వాటా ఆంటీ గౌను పొట్టి చేయించుకోవడానికి వచ్చి, నేను మూలన పుస్తకం పట్టుకుని కూర్చుంటే, నేను లేనట్టే అమ్మని అడిగింది.

"మీ అమ్మాయి ఏం చేస్తోందండీ ఇప్పుడు?"

"రవాణా రంగంలో ఉంది."

"అంటే విమానాలా?"

"దాదాపు."

ఆవిడ వెళ్ళాక అడిగాను. "దాదాపు ఏంటమ్మా?"

"ఇది నేల మీద నడుస్తుంది. అంతేగా తేడా." దారం పళ్ళతో కొరికింది. "అందరికీ దాస్తున్నాననుకోకు. మొన్న దారాల కొట్టు అతనికి ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్ళ పిల్ల స్కూటరుకే భయపడుతుందట. మా పిల్లకి చిన్నప్పట్నుంచీ లారీలంటే పిచ్చి అని చెప్పాను."

"నాకా?"

"మరి లేకపోతే కాన్వెంట్లో చదివి ఎవరైనా లారీ ఎక్కుతారా?"

చిన్నప్పుడు నాకు బస్సెక్కితే వాంతులు. కవరు పట్టుకుని పక్కన కూర్చున్నది ఈవిడే. ఆ మాట గుర్తు చెయ్యాలనిపించింది. కానీ సూదిలో దారం ఎక్కిస్తున్న అమ్మ ముఖం ఆ నిమిషాన చాలా బాగుంది. ఊరుకున్నాను.

మార్చి 17, సోమవారం

ప్రెస్సుకి కాగితం చుట్టలు. నూట నలభై కిలోమీటర్లు. వారానికి రెండు సార్లు వెళ్ళే దారే, కాబట్టి రోడ్డు గురించి రాయడానికేం లేదు.

సరుకు దించే డాకు దగ్గర "పది నిమిషాలు" అన్నారు. నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. పది నిమిషాలు అబద్ధం కాదు. మిగతా నాలుగు గంటలూ చెప్పలేదు, అంతే.

తొంభై పేజీలు చదివాను. అక్కడ ఫోర్క్‌లిఫ్టు నడిపే అక్క వచ్చి మెట్టు మీద నిలబడి క్యాబిన్‌లోకి తొంగి చూసింది. ఆమె గొంతు ఇంజను మీంచి కూడా వినపడుతుంది.

"ఏం కథ?"

"ఒకమ్మాయి ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటుందక్కా."

"ఎన్ని పేజీలు?"

"మూడొందలు."

"మా డాకుకి చాలవు. ఇంకోటి తెచ్చుకో ఈసారి." తర్వాత గొంతు తగ్గించింది, అంటే మామూలు మనుషుల గొంతుకి వచ్చింది. "అవునూ, ఇంత చదువుకున్నదానివి, అసలు నువ్వెందుకొచ్చావే ఇందులోకి?"

"పెద్ద కథక్కా."

పెద్ద కథేం కాదు. రెండు వాక్యాలు. అందుకే చెప్పలేదు.

మూడో గంటలో, నా తర్వాత వచ్చిన బండిని నాకంటే ముందు లోపలికి పిలిచారు. ఆ డ్రైవరు వెళ్తూ వెళ్తూ నాకు చెయ్యూపాడు. నేనూ ఊపాను. ఊపిన చెయ్యి దించుకున్నాక చూస్తే పిడికిలి బిగించి ఉంది.

స్కూల్లో సిస్టర్ చెప్పేవారు, కోపం వస్తే పది దాకా లెక్కపెట్టమని. తాత దాన్ని పద్దెనిమిదికి పెంచాడు. తాత అంటే మా యార్డులో అందరికన్నా పాత డ్రైవరు. మనవలు లేరు, అసలు పెళ్ళే లేదు, ముప్పై ఏడేళ్ళ సర్వీసుకి ఇచ్చిన బిరుదు అది. ఆర్నెల్లు నా పక్క సీట్లో కూర్చుని నేర్పాడు. ఆఖరి రోజు తన టైర్ల కర్ర నాకిచ్చాడు. మొన అరిగి నున్నబడ్డ కర్ర. గాలి ఉందో లేదో టైరు మీద కొట్టి చప్పుడు వినడానికి.

"కోపమొస్తే దిగు" అన్నాడు. "బండి చుట్టూ ఒక చుట్టు తిరుగు. పద్దెనిమిది టైర్లూ కొట్టు. పన్నెండో టైరు దగ్గర తగ్గుతుంది."

"తగ్గకపోతే?"

"పద్దెనిమిది దాకా ఎందుకు పెట్టారనుకున్నావ్?"

ఈ రోజు పదిహేడో టైరు దగ్గర తగ్గింది.

మార్చి 18

రెండు చుట్లు.

మార్చి 26, బుధవారం

మా షెడ్డులో ఏడో డాకు. మిగతా డాకులన్నిటికీ నా కిటికీ వైపు నుంచి వెనక్కి రావచ్చు, తల బయట పెట్టి చూసుకోవచ్చు. ఏడోదానికి మాత్రం అవతలి వైపు నుంచి రావాలి. ఆ వైపు నాకు కనిపించేది ఒక్క అద్దం, అందులో సగం నా సొంత ట్రైలరే. గుడ్డి వైపు అంటారు.

స్టీరింగ్ ఎడమకి తిప్పితే వెనక ట్రైలర్ కుడికి పోతుంది. ఇది నాకు తెలుసు. అడిగితే బొమ్మ గీసి, బాణాలు పెట్టి చూపిస్తాను. చేతులకే తెలీదు.

మొదటి ప్రయత్నానికి అందరూ టీ గ్లాసులు పట్టుకుని వచ్చారు. నాలుగోదానికి సలహాలు మొదలయ్యాయి.

"ఎడమ, ఎడమ. నీ ఎడమ కాదు, నా ఎడమ."

"ఇంకొంచెం రానీ. రానీ. ఆపు. ఎందుకాపావు?"

"ఒరే, లైబ్రరీని కంగారు పెట్టకండ్రా. ఏ పేజీలో ఉందో చూసుకోనివ్వండి."

లైబ్రరీ అంటే నేను.

పదకొండోసారి ట్రైలర్ మడతబెట్టిన కత్తిలా అయింది. తాత వచ్చి తలుపు మీద రెండు సార్లు తట్టాడు. జరిగి కూర్చున్నాను. ఆయన ఒక చేత్తో, ఇంకో చేతిలో టీ గ్లాసు తొణక్కుండా, పెట్టేశాడు.

"ఒక్కటి చెప్పు. మధ్యలో ఒక్కసారైనా దిగి చూశావా?"

"లేదు తాతా."

"ఎందుకని?"

"అందరూ చూస్తున్నారు."

"వాళ్ళు చూస్తున్నదే అది. ఎప్పుడు దిగుతుందా అని." గ్లాసు ఖాళీ చేసి డాష్‌బోర్డు మీద పెట్టాడు. "దిగి చూసినవాడికి సిగ్గు ఒక నిమిషం. దిగనివాడికి రిపేరు షెడ్డులో మూడు రోజులు. నేను ఈ రోజుకీ దిగుతాను."

"ఇప్పుడు దిగలేదుగా?"

"నీ పదకొండు సార్లూ ఇక్కడ నిలబడి చూశాను కదమ్మా. ఇంకేం చూడాలి?"

సుద్దముక్క ఉంటే ట్రైలర్ వెనక మూల ఎక్కడికి రావాలో నేల మీద గీత గీసుకోమన్నాడు. నవ్వుతారు అన్నాను. నవ్వనీ, ఊరికే టీ తాగడం కంటే నయం కదా వాళ్ళకి అన్నాడు.

ఏప్రిల్ 2, బుధవారం

అమ్మ కత్తిరింపుల బల్ల ఖాళీగా దొరికింది. దర్జీ సుద్దతో ఏడో డాకు గీశాను. అగ్గిపెట్టె లారీ. కళ్ళజోడు పెట్టె ట్రైలర్. రెంటినీ గుండుసూదితో కలిపాను. ఎడమకి, కుడికి. కుడికి, ఎడమకి. గంట గడిచింది.

అమ్మ వచ్చి నిలబడింది.

"ఆ కత్తెర ఏంటి, ఇంకో లారీనా?"

"గోడ."

"ఈ గుండీ?"

"నేను. కాదు, తాత. నిలబడి చూస్తున్నాడు."

అమ్మ కాసేపు చూసి, తనే అగ్గిపెట్టె తీసుకుని వెనక్కి తోసింది. కళ్ళజోడు పెట్టె కత్తెర మీదికెక్కింది. మళ్ళీ తోసింది. మళ్ళీ ఎక్కింది. మూడోసారి పెదాలు బిగించింది. ఐదోసారికి, "ఎవడు కట్టాడే ఈ డాకు, బుద్ధుందా వాడికి" అంది.

నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయలేను. ఈ ఏడాదిలో నా తరఫున కోపం తెచ్చుకున్న మొదటి మనిషి.

వెళ్తూ సుద్దముక్క ఒకటి నా చొక్కా జేబులో వేసింది. "నా దగ్గర పెట్టెడు ఉన్నాయి."

ఏప్రిల్ 14, సోమవారం

నా బండికి హారన్ ఉంది. పది నెలలుగా ఉంది. దాన్ని నేను వాడలేదు. ఎవరైనా అడ్డం వస్తే ఆగుతాను, వాళ్ళు వెళ్ళాక వెళ్తాను. ఒకసారి ఒక గేదెకి కూడా సారీ చెప్పాను.

ఈ రోజు సిగ్నల్ దగ్గర పక్కన స్కూలు బస్సు ఆగింది. నిండా ఆడపిల్లలు, అమ్మ కుట్టేలాంటి నీలం గౌన్లు. ముందు సీట్లో ఒక సిస్టర్. ఒక పిల్ల నన్ను చూసి, లారీ నడిపేది ఆడమనిషని కనిపెట్టి, పక్కదాన్ని పొడిచింది. అది ఇంకోదాన్ని. ఒక్క నిమిషంలో కిటికీలన్నీ తలలు. అందరూ గాల్లో గుద్దుతూ సైగ చేస్తున్నారు, హారన్ కొట్టమని.

నేను ఆ సిస్టర్ వైపు చూశాను. అనుమతి కోసం. పన్నెండేళ్ళ అలవాటు.

ఆవిడ తిన్నగా ముందుకి చూస్తున్నారు. తర్వాత, తల తిప్పకుండానే, ఒడిలో ఉన్న పిడికిలితో మెల్లగా ఒక్కసారి గుద్దారు.

కొట్టాను. ఓడ వచ్చినట్టు మోగింది. నాలుగు వీధుల అవతల కుక్కలు కూడా విన్నాయి.

పచ్చ లైటు పడ్డా కాసేపు కదల్లేకపోయాను, నవ్వు ఆగక. వెనక ఎవరో నాకు హారన్ కొట్టారు. న్యాయమే.

ఏప్రిల్ 29

ఏడో డాకు. మూడు ప్రయత్నాల్లో పెట్టేశాను.

ఐదు.

గోడ దగ్గర ఆగిపోయినవి కూడా లెక్కేస్తే ఏడు. దిగి చూడలేదు. వర్షం పడుతోంది.

వర్షం నాలుగో ప్రయత్నానికే ఆగింది.

మే 20, మంగళవారం, ఉదయం

దారిలో, టీ కోసం ఆగి రాస్తున్నాను. ఇది ఇప్పుడే రాయాలి.

ఈ రోజు నేను డ్రైవర్ని. గడియారం కాగితాలిచ్చి, "ప్రెస్సు లోడు. చివరి వరుసలో నాలుగోది" అన్నాడు. వెళ్ళాను. ఆ ట్రైలర్ ఇంకో రెంటి మధ్య ఇరుక్కుని ఉంది. వెనక్కి వచ్చాను, ఒక్కసారి, సూటిగా. పిన్ను టక్కుమని పడింది. గాలి గొట్టాలు తగిలించాను, ట్రైలర్ నిలబడే ఇనప కాళ్ళు పైకెత్తాను, పద్దెనిమిది టైర్లూ కొట్టాను, కోపం లేకుండా, ఊరికే, పలకరించినట్టు. బయటికి తీస్తుంటే రెండు వైపులా జానెడు సందు. ఎక్కడా తగల్లేదు. ఎవరూ చూడలేదు. పరవాలేదు.

కాగితం మీది నంబరు ట్రిప్ షీటులో దించుతుంటే చెయ్యి కూడా ఎంత కుదురుగా ఉందో. అంత గుండ్రని ఎనిమిది నేను ఎప్పుడూ రాయలేదు.

పదకొండు రోజులే. పాడుతూ వెళ్తున్నాను. క్యాబిన్‌లో బాగానే పాడతాను.

మే 20, సాయంత్రం

దిండ్లు.

మే 21, బుధవారం

గడియారం ఈ రోజు రావద్దన్నాడు. కాబట్టి రాయడానికి తీరిక ఉంది. క్రమంగా రాస్తాను.

ప్రెస్సు డాకులో వెనక్కి పెట్టాను, మొదటిసారే. ఫోర్క్‌లిఫ్టు అక్క తలుపు తెరిచింది. లోపల పైకప్పు దాకా తెల్లటి దిండ్లు. ఒకటి జారి ఆమె కాళ్ళ దగ్గర పడింది. ఆమె దాన్ని తీసి, నొక్కి చూసింది.

"కాగితం ఈ మధ్య చాలా మెత్తగా వస్తోంది" అంది.

నేను వెళ్ళి ట్రైలర్ వెనక నంబరు చూశాను. తర్వాత నా ట్రిప్ షీటు చూశాను. ట్రిప్ షీటులో కాగితం మీది నంబరే ఉంది, ముత్యాల్లా. ట్రైలర్ మీద వేరే నంబరు. ప్రతిసారీ ట్రైలర్ మీద చూసి రాసేదాన్ని. నిన్న సంతోషంలో కాగితం చూసి రాసేశాను.

అక్క ఫోను తనే కలిపి నా చేతికిచ్చింది.

"ఏం ఎక్కించావు?" అన్నాడు గడియారం.

"దిండ్లండి."

వాచీ చూసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"చివరి వరుసలో నాలుగోది అన్నాను."

"నాలుగోదేనండి."

"ఎటునుంచి?"

"ఎడమ నుంచండి."

"ఎడమ నుంచి ఏమిటి?"

"పేజీ చదివినట్టు… ఎడమ నుంచి కుడికి."

"గేటు నుంచి, అమ్మాయ్. గేటు కుడి వైపున ఉంది. ముప్పై ఏళ్ళుగా ఇక్కడ ప్రతి డ్రైవరూ గేటు నుంచే లెక్కపెడతాడు. చదవడం రానివాడు కూడా."

కాగితం ట్రైలర్ గేటు నుంచి నాలుగోది. ఖాళీ జాగాలో, అటూ ఇటూ ఏమీ లేకుండా, ఎండ కాచుకుంటూ నిలబడి ఉందట. దాన్ని తాత తగిలించుకుని బయల్దేరాడు. నేను దిండ్లతో వెనక్కి బయల్దేరాను. సగం దారిలో ఎదురుపడ్డాం. తాత హారన్ కొట్టాడు. నేనూ కొట్టాను. నాకు ఏడుపొచ్చింది. ఇక్కడ నిజమే రాస్తున్నాను.

అంతకుముందు, నేను బయల్దేరేటప్పుడు అక్క ఆ జారిపడ్డ దిండు మళ్ళీ లోపల పెట్టి, తలుపు బిగించి, "దిండ్లు ఏం పాడైపోవు, నువ్వూ పాడవవు, మెల్లగా వెళ్ళు" అంది.

యార్డు చేరేసరికి అయిదు. గడియారం గేటు దగ్గరే ఉన్నాడు.

"ఇది మూడోది."

"అవునండి."

"తీసినచోటే పెట్టు. పెట్టి తాళాలు ఆఫీసులో ఇచ్చేసి వెళ్ళు. రేపు రావద్దు. నేను నీ కాగితం చూసుకోవాలి."

తీయడం ఎవరైనా తీస్తారు. అక్కడ పెట్టడమే కష్టం. ఎదురుగా షెడ్డు గోడ ఉంది కాబట్టి నా కిటికీ వైపు నుంచి రావడానికి దారి లేదు. గుడ్డి వైపే. రెండు ట్రైలర్ల మధ్య, అటు జానెడు, ఇటు జానెడు. ఏడో డాకు దీని ముందు మైదానం.

షిఫ్టు మారే వేళ. అందరూ ఉన్నారు. టీ గ్లాసులతో ఉన్నారు. తాత మాత్రం లేడు, నా కాగితం మోసుకుని నూట నలభై కిలోమీటర్ల అవతల ఉన్నాడు. తలుపు తట్టేవాళ్ళు లేరు.

ఒకసారి మొదలుపెట్టాను. రెండు మీటర్లు వచ్చి ఆపాను. అప్పుడు అనిపించింది, ఇది నేను చివరిసారి వెనక్కి పెట్టడం అయితే, కనీసం చూసుకుంటూ పెడదాం అని.

దిగాను.

"దిగిందిరోయ్ లైబ్రరీ" అన్నారెవరో.

ముఖం వేడెక్కింది. కర్ర తీసుకుని ఒక చుట్టు తిరిగాను. పద్దెనిమిది. సందులోకి నడిచాను. జేబులోంచి అమ్మ సుద్దముక్క తీసి, ట్రైలర్ వెనక మూల ఎక్కడికి రావాలో నేల మీద గీత గీశాను.

"ముగ్గేస్తోందా?"

"కాదు, దర్జీ పని. ట్రైలర్‌కి కొలతలు."

నవ్వారు. నాకూ కొంచెం నవ్వొచ్చింది. ఎక్కాను. గీత అద్దంలో ఒక మూల కనిపించింది, గోరంత. అటు తిప్పితే ఇటు. అగ్గిపెట్టె, కళ్ళజోడు పెట్టె. ఒక మీటరు. దిగాను. చూశాను. ఎక్కాను. అర మీటరు. దిగాను. నాలుగుసార్లు దిగాను. నాలుగుసార్లూ సిగ్గేసింది. నాలుగోసారి కాస్త తక్కువ. ఈలోగా వెనక మాటలు ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు. గ్లాసులో టీ ఊదుకుంటున్న చప్పుడు వినిపించిందంటే అప్పటికి అంతా నిశ్శబ్దంగా ఉన్నట్టే.

ట్రైలర్ మూల గీత మీద ఆగింది.

గడియారం వచ్చి సందులో చెయ్యి పెట్టి కొలిచాడు. ఇటు జాన. అటువైపు నడిచి వెళ్ళి, అటు జాన. వాచీ చూసుకున్నాడు.

"పద్నాలుగు నిమిషాలు."

అంతే అన్నాడు. తాళాలు ఆయన చేతికే ఇచ్చాను. గేటు దాటుతుంటే వెనక ఎవరో గ్లాసు మీద చెంచాతో టంగుమని ఒకటి కొట్టారు. తర్వాత ఇంకొకరు. నేను వెనక్కి చూడలేదు. చూస్తే సారీ చెప్పేదాన్ని.

ఇంటికొచ్చి అమ్మతో దిండ్ల సంగతి చెప్పాను. మిగతాది చెప్పలేదు. అమ్మ మిషను ఆపి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "గలీబులు కావాలేమో అడగకపోయావా" అంది.

రేపు కుర్చీ. ఫ్యాను ఉంది. కిటికీ ఉంది. చదువుకోవచ్చు. మంచిదే. నిజంగా మంచిదే.

మంచిదే అని మూడోసారి రాయబోయి ఆపాను.

మే 22, గురువారం

గడియారం ముందు రూల్స్ పుస్తకం, నా ట్రిప్ షీటు, రెండూ తెరిచి ఉన్నాయి. తాత అవతల కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, ఏమీ ఎరగనట్టు.

"బండికి గీత పడిందా?" అన్నాడు గడియారం.

"లేదండి."

"గోడకి?"

"లేదండి."

"పక్క బండికి?"

"లేదండి."

"మరి తప్పు ఎక్కడ జరిగింది?" ట్రిప్ షీటు నా వైపు తిప్పాడు. ఆ గుండ్రటి ఎనిమిది మీద వేలు పెట్టాడు. "ఇక్కడ. ట్రైలర్ చూడకుండా నంబరు రాశావు. ఇది డ్రైవర్ చేసే తప్పు కాదమ్మాయ్. గుమాస్తా చేసే తప్పు."

"సారీ అండి."

"నంబరు చూడకుండా రాసేవాళ్ళని తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టాననుకో, నెల తిరిగేసరికి ఊళ్ళో దిండ్లన్నీ ప్రెస్సులో ఉంటాయి, కాగితాలన్నీ మంచాల మీద ఉంటాయి. ఇలాంటివాళ్ళని కుర్చీ దగ్గరికి రానివ్వకూడదని రూలు ఉంది."

"ఉందాండి?"

వాచీ చూసుకున్నాడు. "పదింపావు నుంచి ఉంది."

తాత దగ్గాడు. అది దగ్గు కాదు.

"కుర్చీకి పనికిరావు" అన్నాడు గడియారం. తాళాలు బల్ల మీంచి నా వైపు తోశాడు. "ఇక నిన్ను ఏం చెయ్యాలో నాకు వేరే దారి తెలియట్లేదు. ప్రెస్సు లోడు. చివరి వరుసలో రెండోది. ఎటునుంచి?"

"గేటు నుంచండి."

"నంబరు?"

"ట్రైలర్ మీద చూసి రాస్తానండి."

బయటికొచ్చాక తాతని అడిగాను, మీరేమైనా చెప్పారా ఆయనకి అని.

"నేనా? నేను పొద్దున టీ తాగుతూ ఒక్క ముక్క అన్నాను. ఆ సందులో ట్రైలర్ పెట్టడానికి నన్ను పిలిస్తే నేను ఎన్నిసార్లు దిగేవాణ్ణో చెప్పాను."

"ఎన్నిసార్లు?"

"ఆరు."

మే 25, ఆదివారం

పక్క వాటా ఆంటీ గౌను తీసుకెళ్ళడానికి వచ్చింది. అమ్మ అడగకుండానే మొదలుపెట్టింది.

"మా అమ్మాయి పద్దెనిమిది చక్రాల బండి నడుపుతుందండీ."

"విమానాలన్నారు?"

"విమానానికి అన్ని చక్రాలుండవు" అంది అమ్మ, కొంచెం జాలిగా.

మే 31, శనివారం

ఏడాది.

పొద్దున గడియారం నాకు పసుపు రంగు డబ్బా, కుంచె ఇచ్చి, "ఆ జానెడూ నువ్వే వేసుకో" అన్నాడు. వేశాను. మిగతా స్తంభం అప్పటికే దుమ్ము పట్టి మాసిపోయింది. నా ముక్క ఒక్కటే మెరుస్తోంది. ఇంతకుముందు కంటే ఇప్పుడే ఎక్కువ కనిపిస్తోంది. ఇంకేం చెయ్యలేను.

మధ్యాహ్నం కాగితం వచ్చింది. పైన ఆయన రాయాల్సినచోట "డ్రైవర్" అని రాసి, సంతకం పెట్టి, టైము కూడా వేశాడు. కింద నేను నింపాల్సినవి కొన్ని ఉన్నాయి. అన్నీ నింపాను. ఆఖరిది, ఈ వృత్తిని ఎందుకు ఎంచుకున్నారు. ఒక గీత ఇచ్చారు, ఒక్క మాటకే చోటు. "ఆసక్తి" అని రాశాను. రంగు అంటిన వేళ్ళతో రాసినా బాగానే వచ్చింది.

తాత భుజం మీంచి చదివాడు.

"నిజమేనా?"

"ఇప్పుడు నిజమే తాతా."

టీ తాగుదాం పద అన్నాడు. టీ గ్లాసులతో ఏడో డాకు దగ్గర నిలబడ్డాం. కొత్తగా చేరినతను ఒకడు వెనక్కి వస్తున్నాడు, నాలుగో ప్రయత్నం. అందరూ సలహాలు చెబుతున్నారు. నేను చెప్పలేదు. జేబులో సుద్దముక్క ఉందో లేదో చూసుకున్నాను.

ఏడాదిన్నర కిందట మా గేటు బయట రెండు వరుసలు ఉన్నాయి. ఒకటి ఆఫీసుది, ఒకటి డ్రైవర్ల శిక్షణది. ఏది ఏదో అడగడానికి మొహమాటపడి, ఎడమ వైపుదాంట్లో నిలబడ్డాను. పేరు పిలిచాక, తప్పు వరుసలో నిలబడ్డానని చెప్పాలంటే సిగ్గేసింది. నేను ఆ రోజు వచ్చింది గుమాస్తా ఉద్యోగానికి.